చివరి గడిలో ఏం రాయాలి: ఒక అడ్మిషన్ రిజిస్టరు ఆత్మకథ

ఈ ఆత్మకథలో ‘నేను’ అనే మాట రాదు. చెబుతున్నది అడ్మిషన్ రిజిస్టరు. ఊరందరి పిల్లల పేర్లకూ దానిలో గడులున్నాయి, తన పేరుకే లేదు. మూలలు నలిగిన ఎర్ర కాలికో అట్ట. కాపురం పాత విజయనగరం జిల్లా కొండవార మండలంలోని ఒక కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయంలో, ఎస్‌ఓ (స్పెషల్ ఆఫీసర్) మేడమ్ బీరువాలో.

కస్తూర్బాలు మామూలు బడులు కావు. చదువు మధ్యలో మానేసిన, అసలు బడి గడపే తొక్కని ఆడపిల్లల కోసం 2004లో కేంద్రం మొదలుపెట్టిన హాస్టల్ బడులివి. 2011 జనాభా లెక్కల్లో విజయనగరం జిల్లా అక్షరాస్యత 58.89 శాతం. ఇప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని నాటి 13 జిల్లాల్లో అదే అట్టడుగు. ఆడవాళ్ళలోనైతే సగం మందికి చదవడం రాదు. రిజిస్టరుకు ఇక్కడ పని దొరికింది అందుకే.

సీట్లలో 75 శాతం ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ పిల్లలకు, మిగతావి పేదింటి పిల్లలకు. నియమం ఢిల్లీదే గానీ పేజీ ఊరిది. ఇక్కడ ఉపకులం గడిలో జాతాపు, సవర, గదబ వరసగా కనిపిస్తాయి. సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పాలని గిడుగు రామమూర్తి వందేళ్ళ కిందటే పట్టుబట్టాడు. అయినా మాతృభాష గడిలో అడక్కుండానే ‘తెలుగు’ అని గీకేసిన కలాలు రిజిస్టరుకు తెలుసు.

పక్కనున్న శ్రీకాకుళం తీరం పిల్లలది మరో కథ. 2018 నవంబరులో పాకిస్తాన్ పట్టుకుపోయిన మన మత్స్యకారులు గుజరాత్‌లోని వెరావల్ నుంచి వేటకెళ్ళినవాళ్ళు. ఎక్కువమంది ఇళ్ళు చేరింది 2020 జనవరిలోనే. పెద్దలు అంతంత దూరాన ఉండే ఇళ్ళకు హాస్టల్ బడి అంటే చదువే కాదు, కాపలా కూడా.

పుట్టిన తేదీ గడి దగ్గర ఎప్పుడూ పేచీయే. ఆధార్‌లో జనవరి 1 అని ఉంటుంది.

“హుద్‌హుద్ గాలికి మా గుంట నెల్లాళ్ళ పిల్ల మేడమ్,” అంటుంది తల్లి.

“అంటే 2014 సెప్టెంబరమ్మా. కానీ కార్డులో ఉన్నదే రాయాలి.”

జనవరి 1 ఎక్కుతుంది. గాలివాన ఎక్కదు.

రిజిస్టరుకు నచ్చనిది చివరి గడి: బడి వదిలిన కారణం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో 20-24 ఏళ్ళ ఆడవాళ్ళలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్ళయింది. ఈ గడిలో మాత్రం ‘పెళ్ళి’ అన్న మాట వెతికినా దొరకదు. ‘కుటుంబ కారణాలు’ అని ఉంటుంది.

2018లో సమగ్ర శిక్ష వచ్చాక కస్తూర్బాలను ఇంటర్ దాకా పెంచుకునే వీలొచ్చింది. అలా పెరిగినచోట సీటు దొరికిన పిల్ల పదో తరగతి తర్వాత మరో రెండేళ్ళు అదే హాస్టల్లో ఉండొచ్చు. బయటికొచ్చేసరికి పద్దెనిమిదికి దగ్గరపడుతుంది.