1991లో లేని వాక్యం

తీరంలో ఏం జరిగినా చట్టప్రకారమే జరుగుతుందని ప్రభుత్వాలు అంటుంటే అనవసరంగా అనుమానిస్తాం. అది అక్షరాలా నిజం. పని చట్టంలో ఇమడకపోతే చట్టాన్నే పనికి తగ్గట్టు సాగదీస్తారు, అంతే.

సముద్రపు పోటు గీత నుంచి 500 మీటర్ల దాకా తీర నియంత్రణ మండలం, అంటే సీఆర్‌జెడ్. అక్కడ అనుమతి కావాలంటే 1:4000 స్కేలు పటం గీయించాలి, రాష్ట్ర తీర మండల నిర్వహణ సంస్థ సిఫార్సు తెచ్చుకోవాలి, ఆపైన స్థలాన్ని బట్టి ఢిల్లీయో రాష్ట్రమో తేల్చాలి. ఇదంతా ముందుగా అడిగే అమాయకుల కోసం.

తెలివైన దారి రొయ్యల చెరువులది. తీరం లేనిదే సాగని పరిశ్రమలు తప్ప కొత్తవి అక్కడ వద్దని 1991 ఫిబ్రవరి 19 నాటి సీఆర్‌జెడ్ నోటిఫికేషన్ చెప్పింది. చెరువులు మాత్రం తవ్వుతూనే పోయారు. పక్క ఊళ్ల బావులు ఉప్పెక్కాయి. గాంధేయవాది ఎస్. జగన్నాథన్ సుప్రీంకోర్టుకు వెళ్లారు. రొయ్యల సాగుకు తీరమే అక్కర్లేదని, సంప్రదాయ పద్ధతివి మినహా సీఆర్‌జెడ్‌లోని చెరువులన్నీ తీసేయాలని 1996 డిసెంబరులో తీర్పొచ్చింది. గడువు 1997 మార్చి 31.

చెరువులు పూడలేదు. 2005లో పార్లమెంటు కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చేసి, 27వ సెక్షన్‌తో 1991 నోటిఫికేషన్‌లోకి ఒక వాక్యం దూర్చింది: ఈ నిషేధాలు తీరప్రాంత ఆక్వా సాగుకు వర్తించవు. ఇప్పటి నుంచి కాదు, 1991 ఫిబ్రవరి 19 నుంచే ఆ వాక్యం అక్కడున్నట్టు భావించాలట! బిడ్డ పుట్టాక పెళ్లి తేదీ వెనక్కి జరుపుకోవడమంటే ఇదే. పాపం, 1996లో న్యాయమూర్తులు ఆ వాక్యం చదవకుండానే తీర్పిచ్చేశారు. చదవడానికి అది అప్పటికింకా పుట్టలేదు మరి.

పోటు గీతకు 200 మీటర్లలోపు కొత్త చెరువు కూడదని 2005లో అన్నదీ ఈ చట్టమే. అప్పటికే ఉన్నవాటికి ఆ బెడద లేకపోయింది. రిజిస్ట్రేషన్ లేకుండా సాగుచేస్తే మూడేళ్ల దాకా జైలని కూడా రాశారు. 2023 సవరణలో ఆ జైలూ పోయి జరిమానా మిగిలింది. ఇక ఉప్పెక్కిన బావుల్లో నీళ్లు 1991 నుంచీ తియ్యగానే ఉన్నట్టు భావించాలనే సెక్షన్ ఒక్కటే బాకీ.

రైతు బతకాలి, ఎగుమతులు సాగాలి. కాదనేవాళ్లెవరూ లేరు. అయ్యా, అనుమతి ఇవ్వదలిస్తే ఇవ్వండి. దాని మీద ఇచ్చిన రోజు తేదీ వేయండి. అంతకుముందు తవ్విన చెరువుకు, చెడిన బావికి ఎవరు జవాబుదారో కూడా ఆ కాగితంలోనే రాయండి.