ఈతకొలనుకో ఇసుక డ్రమ్ము

అపార్ట్‌మెంటు స్విమ్మింగ్ పూల్‌లో నీళ్లు నీలంగా కనిపిస్తే శుభ్రంగా ఉన్నట్టేనని హైదరాబాదులో ఫ్లాటు కొనేవారి నమ్మకం. ఆ నీలం చాలావరకు అడుగున పరిచిన టైల్స్‌ది. నీటి తేటదనాన్ని చూసుకునేది పంపు గదిలో, విరిగిన కుర్చీల పక్కన నిలబడ్డ ఫిల్టరు. బ్రోషరులో దాని ఫొటో వేయరు.

ఫిల్టర్లలో ప్రధానమైనవి మూడు. డయాటమేషియస్ మట్టితో పనిచేసేది 3–5 మైక్రాన్ల నలుసును సైతం పట్టేస్తుంది. కానీ కడిగిన ప్రతిసారీ కొత్త పొడి వేయాలి, ఆ పొడి పీల్చకూడదు. మడతల కార్ట్రిడ్జి 10–20 మైక్రాన్ల దాకా పడుతుంది. దాన్ని విప్పి పైపుతో కడిగే ఓపిక ఉన్న సొంతింటివారికి అది బాగుంటుంది. ఇసుక ఫిల్టరు 20–40 మైక్రాన్ల దగ్గరే చేతులెత్తేస్తుంది. అయినా అపార్ట్‌మెంటుకు అదే మేలు. మామూలు పనల్లా వాల్వు పిడి తిప్పడమే కాబట్టి వాచ్‌మన్ మారినా పూల్ బతుకుతుంది.

పన్నెండు మీటర్ల పొడవు, ఆరు మీటర్ల వెడల్పు, సగటున 1.2 మీటర్ల లోతున్న పూల్‌లో 86,400 లీటర్లు పడతాయి. ఆరు గంటల్లో అన్ని నీళ్లను ఒకసారి తిప్పాలంటే గంటకు 14,400 లీటర్లు వడకట్టాలి. ఫిల్టరు అంతకన్నా కాస్త పెద్దదే కొనాలి. కమిటీలు మాత్రం ఫిల్టరు దగ్గర పొదుపు చేసి, పెద్ద పంపు బిగించి గర్వపడతాయి. ఆ వేగానికి నీళ్లు మురికిని వెంటేసుకుని ఇసుక దాటి వస్తాయి.

ఇసుక శుభ్రంగా ఉన్నప్పటి ప్రెషర్ గేజి అంకెను గోడమీద రాసిపెట్టాలి. దానికన్నా 8–10 పీఎస్ఐ పెరిగితే బ్యాక్‌వాష్, అంటే నీళ్లను ఎదురు తిప్పి ఇసుకను కడగడం. రోజూ పొద్దున్నే చేయించే ఉత్సాహవంతుడైన సెక్రటరీ వల్ల ట్యాంకరువాడికి తప్ప ఎవరికీ లాభం లేదు; కొంచెం మురికి పట్టిన ఇసుకే సన్న నలుసును బాగా ఆపుతుంది. పంపు ఆపకుండా పిడి తిప్పితే వాల్వు లోపలి గాస్కెట్ పాడై నీళ్లు డ్రైనేజీ దారి పడతాయి. బ్యాక్‌వాష్ తర్వాత కాసేపు రిన్స్ పెట్టకపోతే, తీసిన మురికిలో కొంత మళ్లీ పూల్‌లోకే వస్తుంది.

తలనిండా కొబ్బరినూనెతో దిగేవారి చలవ, బోరునీళ్ల సున్నం కలిసి ఇసుకను గడ్డలు కట్టిస్తాయి. నీళ్లు గడ్డల పక్క సందుల్లోంచి జారిపోతాయి, గేజి పెరగదు. ఫిల్టరు బ్రహ్మాండంగా ఉందని మీటింగులో చప్పట్లు పడతాయి.

నీటిలో కరిగిపోయిన చెమటనూ మూత్రాన్నీ ఏ ఇసుకా పట్టలేదు. అవి క్లోరిన్‌తో కలిసి పుట్టించే క్లోరమైన్ల వల్లే ఆ ఘాటు వాసన. దాన్ని క్లోరిన్ ఎక్కువైందనుకుని తగ్గించమంటారు. నిజానికి చాలాసార్లు పెంచాల్సి ఉంటుంది. పూల్‌లో మూత్రం పోసింది మాత్రం పక్క బ్లాకు పిల్లలేనని ప్రతి బ్లాకూ చెబుతుంది.

ఇసుకను అయిదు నుంచి ఏడేళ్లకోసారి మార్చాలి. పోయాల్సింది 0.45–0.55 మిల్లీమీటర్ల సిలికా ఇసుక. పక్క ప్లాటులో ఇల్లు కట్టగా మిగిలింది కాదు.