ఆటలో అరటిపండు

మేనమామగా నా బాధ్యతలు నాకు బాగానే తెలుసు. మేనల్లుడి పుట్టువెంట్రుకలు నా ఒళ్లో తీయించారు. చెవులు నా ఒళ్లో కుట్టించారు. ఆ గడబిడలో వాడు నా కొత్త పంచె మీద చేసిన పనిని కూడా నవ్వుతూ భరించాను. అయితే నాలుగో పుట్టినరోజుకి మేనమామ వీడియో గేమ్ కొనిపెట్టాలని ఏ శాస్త్రంలో ఉందో మా బావ ఇంతవరకూ చెప్పలేదు. "మేనల్లుడి ముచ్చటరా" అంటాడు. ఆ ముచ్చట ఎవరిదో ఆయన వాట్సాప్‌లో పంపిన లింకు చూడగానే తెలిసిపోయింది. ప్లేస్టేషన్ 5, అదనంగా ఇంకో కంట్రోలరు. మేనల్లుడేమో ఎల్‌కేజీ. ఇప్పటికీ ఎడమ చెప్పు కుడికాలికే వేసుకుంటాడు.

ఆ కంట్రోలరు మీద బొటనవేళ్లకి రెండు పుల్లలు, చూపుడువేళ్లకి అటు రెండు ఇటు రెండు మీటలు, మధ్యలో రుద్దడానికో పలక, ఇవి కాక ఇంకా బోలెడు బటన్లు. "వాడి చెయ్యి దాని చుట్టూ పట్టను కూడా పట్టదు బావా" అన్నాను. ఆయన దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. "బటన్ల మీద చూడు, త్రిభుజం, చతురస్రం, వృత్తం. అంతా ఎల్‌కేజీ సిలబస్సే!"

అక్కది ఇంకో పక్షం. గేమైతే గేమే గానీ చదువొచ్చే గేము కావాలి. అమ్మది మూడో పక్షం. అసలు ఏదీ వద్దు, కళ్లు పోతాయి. అమ్మ ఈ తీర్పు చెబుతున్నప్పుడు ఆవిడ చేతిలో పప్పన్నం గిన్నె ఉంది. వాడి ఎదురుగా నీళ్ల చెంబుకి ఆనించిన ఫోను. ఫోనులో కోతిపిల్లలు మంచమెక్కి గెంతుతున్నాయి. వాడి నోరు తలుపులా తెరుచుకుంటోంది, ముద్ద పడగానే మూసుకుంటోంది. కళ్లు మాత్రం కోతుల మీదే. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకి కూర్చుని తెర చూసే కాలం రోజుకి గంట దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఐదేళ్లలోపు వాళ్లకి ఆ గంట కూడా పెద్దవాళ్లు పక్కనుండగానే అని మన పిల్లల డాక్టర్ల సంఘం 2021లో చెప్పింది. మా ఇంట్లో ఆ గంట పప్పులోకి సగం, పెరుగులోకి సగం సరిగ్గా సరిపోతోంది. కొత్త ఆట కొనాలంటే ముందు కోతుల్ని మంచం దింపాలన్నాను. అమ్మ నాతో ఆ పూటంతా మాట్లాడలేదు.

సరే, సికింద్రాబాద్ సీటీసీలో ఒక దుకాణానికి వెళ్లాను. కుర్రాడు "బాబు వయసెంత సార్?" అన్నాడు. నాలుగన్నాను. వెంటనే ఒక ఫుట్‌బాల్ గేము తీసి, అట్ట మీద మూలనున్న ఆకుపచ్చ డబ్బా చూపించాడు. అందులో 3 అని ఉంది. "మూడేళ్లకే ఆడొచ్చు సార్. నాలుగంటే సీనియర్."

ఆ అంకె పెగీ వాళ్లది. యూరప్‌లో 2003 నుంచి గేముల మీద 3, 7, 12, 16, 18 అని వేస్తున్నారు. దాని భావం మాత్రం దుకాణం కుర్రాడు చెప్పింది కాదు. మూడేళ్లవాడు చూడకూడనిది ఇందులో లేదు అని, అంతే. మూడేళ్లవాడు ఆడగలడని ఎవరూ హామీ ఇవ్వలేదు. చిక్కంతా ఇక్కడే. రక్తం లేదు, బూతు లేదు, భయపెట్టేది లేదు, కాబట్టి ఫుట్‌బాల్‌కి 3. ఆఫ్‌సైడంటే ఏమిటో నాకే ఇంకా తెలీదు.

అమెరికాలో ఈ ముద్రల కథ ఇంకా రసవత్తరం. మోర్టల్ కాంబాట్ అనే ఆటలో ఒకడు ఇంకొకడి తలని వెన్నెముకతో సహా పెరుక్కుంటాడు. అది చూసి 1993లో అక్కడి సెనేట్ విచారణకి కూర్చుంది. మరుసటి ఏడు గేములకి ముద్రలేసే ఈఎస్‌ఆర్‌బీ పుట్టింది. దాని ముద్రల్లో చంటిపిల్లల కోసమే ఈసీ అని ఒకటి ఉండేది, మూడేళ్లు దాటినవాళ్లకి. 2018లో దాన్ని ఎత్తేశారు. ఇప్పుడు మా వాడూ, మా అమ్మా, మా వీధి కార్పొరేటరూ ఒకే 'ఈ' ముద్ర కిందకి వస్తారు, అందరికీ అని.

కాబట్టి అట్ట మీది అంకెని నమ్ముకోకుండా నేనే అడగడం మొదలుపెట్టాను. తెర మీద చదవాల్సిందేమైనా ఉందా? ఉంటే వద్దు, ఆ చదివే ఉద్యోగం నాకు పడుతుంది. ఎన్ని బటన్లు ఒకేసారి నొక్కాలి? రెండు దాటితే వద్దు. ఓడిపోతే పెద్ద అక్షరాలతో గేమ్ ఓవర్ అని వస్తుందా? వాడు అక్షరాలు చదవలేడు గానీ ఆ సంగీతం విని ఏడుస్తాడు. తలకి తగిలించుకునే వీఆర్ కళ్లజోళ్లు బావ అడిగేలోపే కొట్టేశాను. వాటిని అమ్మే కంపెనీలే పదేళ్లనీ పన్నెండేళ్లనీ హద్దు పెట్టుకున్నాయి.

అన్నిటికన్నా నాకు దడ ఫోనులోని ఉచిత గేములంటే. అందులో ఆటకన్నా అంగడి పెద్దది. బెలూను పగలగొడితే ప్రకటన, ప్రకటన మూసే ఇంటూ గుర్తు ఆవగింజంత, చిన్నవేలు తప్పి పక్కన పడితే ఇంకో ప్రకటన. తల్లిదండ్రులకి తెలియకుండా పిల్లలు ఇలా గేముల్లో కొన్నవాటికి ఆపిల్ కంపెనీ 2014లో కనీసం మూడుంపావు కోట్ల డాలర్లు తిరిగివ్వడానికి ఒప్పుకుంది, అదీ అక్కడి ప్రభుత్వ సంస్థ పట్టుకుంటే. మా వాడికి అఆల కన్నా ముందు అక్క ఫోను ప్యాటర్ను వచ్చింది. నన్నడిగితే, డబ్బు ముందే పుచ్చుకుని తర్వాత నోరు మూసుకునే ఆటే మర్యాదస్తురాలు.

చివరికి నింటెండో స్విచ్ దగ్గర ఆగాను. 2017 నాటి సరుకే. చెరో పక్క ఊడొచ్చే రెండు చిన్న కంట్రోలర్లున్నాయి, ఒకటి పిల్లచేతిలో ఇముడుతుంది, రెండోది పక్కన కూర్చున్న పెద్దవాళ్లకి. మణికట్టుకి తగిలించుకునే తాడుంది కాబట్టి టీవీకి కూడా కొంత ఆయుష్షు. డాలస్‌లో ఉన్న మా పిన్ని కొడుకు సూట్‌కేసులో తెచ్చాడు. వెళ్లేటప్పుడు ఆవకాయ, వచ్చేటప్పుడు స్విచ్. ఇరుపక్షాలకీ న్యాయమే.

దాని గేము క్యాట్రిడ్జి గోరంత ఉంటుంది. పిల్లలు మింగకుండా దానికి డెనటోనియం బెంజోయేట్ అనే చేదుమందు పూస్తారు. ఈ మాట చెబితే అక్క హమ్మయ్య అనుకుంది. బావ నమ్మలేదు. "కంపెనీవాళ్లు సవాలక్ష చెబుతారు" అంటూ క్యాట్రిడ్జి తీసి నాలుక కొసకి ఆనించాడు. ఆ తర్వాత ఆయన బెల్లం డబ్బా వెతుక్కుంటూ వంటింట్లోకి పరుగెత్తిన తీరు చూస్తే, కాకరకాయ దాని ముందు జిలేబీ అనుకోవాలి. బుడ్డోడు అంతా చూశాడు. ఆనాటి నుంచి క్యాట్రిడ్జి జోలికి పోలేదు. పిల్లల భద్రతకి ఇంట్లో ఒక తండ్రి ఉండాలనేది ఇందుకే.

వేసిన ఆట మారియో కార్ట్ 8 డీలక్స్. కార్ల పందెం. ఇందులో స్మార్ట్ స్టీరింగ్ అని ఒక ఏర్పాటుంది. బండి దారి తప్పబోతే అదే తిప్పేసుకుంటుంది. ఇంకో ఏర్పాటు పెడితే, బటన్ నొక్కకపోయినా బండి ముందుకు పోతూనే ఉంటుంది. అంటే మావాడు కంట్రోలర్ని తలకిందులుగా పట్టుకున్నా, మధ్యలో ముక్కు గోక్కున్నా, పందెం పూర్తవుతుంది. ఇదంతా చూసి "జపాన్‌వాడి బుర్రే బుర్ర" అన్నాడు బావ. నాకేమీ వింతనిపించలేదు. మా వీధిలో కబడ్డీకి దిగితే అక్క నన్ను చంకనేసుకుని వచ్చేది. "వీడు ఆటలో అరటిపండు" అని ముందే చెప్పేసేవాళ్లు. నేను కూతకి వెళ్లేవాణ్ణి, అందర్నీ అంటుకునేవాణ్ణి, ఎవరూ అవుటయ్యేవాళ్లు కాదు, నన్నూ ఎవరూ పట్టుకునేవాళ్లు కాదు. ఆ లెక్కన ఓటమన్నది ఎరగని ఆటగాణ్ణి నేను. నాలుగేళ్లవాడికి ఏ గేము కొనాలని ఎవరైనా అడిగితే ఒకటే చెబుతాను. అరటిపండుకి చోటున్న ఆట చూసుకోండి.

ఇప్పుడు వాడికి ఆదివారాలు అరగంట. అమ్మ గడియారం పట్టుకుని కూర్చుంటుంది. కోతులు మధ్యాహ్నం భోజనానికి మంచం దిగాయి, రాత్రిది ఇంకా చర్చల్లో ఉంది. పన్నెండు బండ్లలో వాడెప్పుడూ మధ్యలో ఎక్కడో వస్తాడు, అయినా ప్రతిసారీ ఫస్టొచ్చానని ఇల్లంతా తిరిగి చెబుతాడు. బావ మాత్రం పౌరుషానికి పోయి ఏ సాయమూ లేకుండా ఆడి, కమ్మీలు లేని రెయిన్‌బో రోడ్డు మీంచి అంతరిక్షంలోకి పడిపోతూ ఉండేవాడు. మొన్న హఠాత్తుగా పడటం మానేశాడు. రాత్రిళ్లు సాధన చేశానన్నాడు.

స్మార్ట్ స్టీరింగ్ పెట్టుకున్న బండికి వెనకాల చిన్న యాంటెనా లేస్తుంది. అక్క కాఫీ గ్లాసుతో టీవీ ముందు ఆగింది.

"ఏమండీ, వాడి బండికున్నట్టే మీ బండికీ ఆ పుల్లేమిటి?"

బావ తెర మీంచి కళ్లు తిప్పకుండా అన్నాడు: "సిగ్నల్ కోసం."