ఒకే చెత్తకు ఊరంతా నకళ్లు

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వానతో నెట్టుకొచ్చే అనంతపురం పీఠభూమిలో చుక్క నీటిని కూడా లెక్కగానే వాడతారు గానీ, ఆ పొదుపు కంప్యూటర్ ల్యాబ్ గుమ్మం దాటి లోపలికి రావాలన్న నియమమేమీ లేదు.

ఒక యంత్రంలో విండోస్‌నూ కావలసిన సాఫ్ట్‌వేర్‌నూ ఎక్కించి, ఆ మొత్తానికి తీసిన నకలును, అనగా సిస్టమ్ ఇమేజ్‌ను, మిగతా యంత్రాలన్నిటిలోకీ దింపడం నేటి పద్ధతి. నకలు తీయకముందు మూలయంత్రపు ఆనవాళ్లను చెరిపే సిస్‌ప్రెప్ అనే ఉపకరణం, బయటి నుంచి తెచ్చి ఎక్కించిన డ్రైవర్లను, అంటే ప్రింటరు వంటి పరికరాల చేత పని చేయించే ఫైళ్లను, మామూలుగా తానే తొలగిస్తుంది. అయితే ‘పర్సిస్ట్ ఆల్ డివైస్ ఇన్‌స్టాల్స్’ అనే అమరికను ‘ట్రూ’ చేసి, మళ్లీ ఎక్కించే శ్రమ తప్పిందని సంబరపడిన చోట, ఏనాడో పాత సామాన్లవాడికి పోయిన ప్రింటరు ప్రతి కొత్త యంత్రంలోనూ పునర్జన్మ ఎత్తుతుంది. ఎండిన బోరును పూడ్చకుండా పక్కనే మరొకటి దించే నేలలో ఇది వింతగా తోచకపోవడమే సహజం.

పీఎన్‌పీయుటిల్ అనే ఆదేశం ఇస్తే విండోస్ ఈ డ్రైవర్లన్నిటికీ ‘ఓఈఎమ్’ అక్షరాల పక్కన అంకెలు తగిలించి, సరఫరాదారు పేర్లతో సహా జాబితా బయట పెడుతుంది. వాడుకలో ఉన్నదాన్ని తీసెయ్యమంటే, బలవంతం చేస్తే తప్ప, ఒప్పుకోదు కూడా. కావలసిందల్లా ఆ జాబితా చదివే మనిషి ఒక్కరే గానీ, ఆ పోస్టు ఏ ఇమేజ్‌తోనూ దిగదు.