స్టార్టర్ వేరే!

ఆలేరు చుట్టుపక్కల పాత బోరు మోటరు కొనబోయే రైతు హార్స్ పవర్ సంగతి తర్వాత చూసుకోవచ్చు. ముందు 'వేరే' లెక్కలు నేర్చుకోవాలి. బేరం ఇట్లా సాగుతుంది:

"మోటరు ఎంతకిస్తవే అన్నా?"

"నువ్వు మనోనివి తమ్మీ, నీకు ఎక్కువ చెప్తనా?"

"స్టార్టర్ డబ్బా?"

"అది వేరే."

"కేబులు?"

"వేరే. మీటర్ల లెక్క."

"పైపులు?"

"అవి ఇంకోళ్లు అడిగిన్రు."

"మోటరుకు కట్టిన తాడన్న ఇస్తవా?"

"తాడు మా నాయిన తెచ్చిండు తమ్మీ!"

అమ్మేవాడి బాధ అబద్ధమేమీ కాదు. ఇక్కడి నేల కింద ఉన్నది బండ. నీళ్లు ఆ బండ పగుళ్లలో దొరికితే దొరికినట్టు, లేకపోతే లేనట్టు. పాత బోరు ఎండుతుంది, కొత్తది ఇంకా లోతుకు పోతుంది, దానికి పెద్ద మోటరు కావాలి, చిన్నది కొట్టంలో మూలన పడుతుంది. నీళ్లియ్యని బోరు మీద పెట్టిన పైసలు కొన్నయినా వెనక్కి రావాలనుకోవడంలో తప్పు లేదు. ఒకే వస్తువును నాలుగు ముక్కలు చేసి, నాలుగు ధరలు చెప్పి, దానికి తెలివి అని పేరు పెట్టుకోవడంతోనే నాకు పేచీ.

"స్టార్టర్ నాకు పనికొస్తది" అంటాడు. దేనికి? అది ఐదు హార్స్ పవర్ మోటరుకు కుదిర్చిన డబ్బా. అందులోని ఓవర్‌లోడ్ రిలే ఆ మోటరు లాగే కరెంటుకు తగ్గట్టు తిప్పి పెట్టింది. ఇప్పుడు ఆయన దించింది ఏడున్నర. కాబట్టి ఆ డబ్బా గోడకు వేలాడుతుంది, అందులో కందిరీగలు కాపురం పెడతాయి. కొన్నవాడేమో ఇంకెవరి దగ్గరో ఇంకేదో మోటరు తాలూకు స్టార్టర్ తెచ్చి బిగిస్తాడు. ఒకరోజు పంపులో ఇసుక పడుతుంది, మోటరు మొరాయిస్తుంది, పడాల్సిన రిలే పడదు, వైండింగ్ కాలుతుంది. అడగబోతే సమాధానం సిద్ధం: "నేనిచ్చినప్పుడు మంచిగనే ఉండె." నిజమే. మంచిగ ఉంచిన డబ్బా ఆయన గోడకే ఉంది మరి!

కరెంటు రాగానే మోటరును దానంతటదే నడిపించే ఆటో స్టార్టర్ కథ ఇంకా రంజుగా ఉంటుంది. కరెంటు అర్ధరాత్రి ఎప్పుడొస్తుందో తెలియని కాలంలో దాన్ని పెట్టుకోని రైతు లేడు. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత విద్యుత్తు అన్నప్పుడు, అవి తీసేయండి బాబూ అని విద్యుత్ సంస్థలు ఊరూరా చెప్పాయి. ఊరికే తీసి పారేయమన్న ఆ పరికరాన్ని సైతం మనవాడు బేరంలో 'స్పెషల్' కింద జమకడతాడు.

ఈ విద్య మన బండనేలకే పరిమితం అనుకునేరు. మన పిల్లలు ఉద్యోగాలకు పోయిన అమెరికాలోని కొలరాడో, యూటా మంచుకొండల్లోనూ ఇదే తంతు. తాజా మెత్తటి మంచులో కూరుకుపోకుండా తేలడానికి వెడల్పుగా చేసిన, కాళ్లకు తగిలించుకుని జారే పౌడర్ స్కీలుంటాయి. బూటును వాటికి పట్టి ఉంచేవి బైండింగులు. మనిషి పడ్డప్పుడు బూటును వదిలేసి కాలు కాపాడేవీ అవే, మన రిలే వైండింగును కాపాడినట్టు. ఎంత బలానికి వదలాలో మనిషి బరువు, ఎత్తు, వయసు, నైపుణ్యం, బూటు అడుగు పొడవు చూసి సరిచేస్తారు. అక్కడా పాత స్కీలు అమ్మేవాడికి ఒకటే మీమాంస: బైండింగులు కలిపి ఇవ్వాలా, ఊడదీసుకోవాలా? ఊడదీస్తే స్కీ నిండా స్క్రూల బొక్కలు. దాచుకుంటే, వాటి బ్రేకుల వెడల్పు తన కొత్త స్కీకి సరిపోవాలి. ఇక తయారీ కంపెనీ చేతులు దులుపుకున్న పాత మోడల్ బైండింగు అయితే దుకాణంవాడు ముట్టనే ముట్టడు. అయినా ఊడదీసేవాడు ఊడదీస్తూనే ఉంటాడు.

చట్టం ఏమంటుందో చూద్దామా? 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం ఎనిమిదో సెక్షన్ ప్రకారం, వేరే షరతు లేకపోతే, ఇల్లు అమ్మితే తాళాలు, తాళంచెవులు, తలుపులు, కిటికీలు దాంతోనే పోతాయి. నేలకు బిగించిన యంత్రం అమ్మితే దాని విడదీయగలిగే భాగాలూ దాంతోనే. బ్రిటిషు దొరలు మన బేరాలను ముందే ఊహించారన్నమాట. కానీ మనవాడు ఇంకా ముందున్నాడు. మోటరును బోరులోంచి బయటికి లాగి, నేలతో బంధం తెంపి, ఆ తర్వాతే బేరానికి కూర్చుంటాడు!

ఆవు ముందరి సగం తమ్ముడికి, వెనకటి సగం తనకు పంచుకున్న అన్న కథ విని మనమంతా నవ్వినవాళ్లమే. ఆ అన్నకైనా పాలు దక్కాయి. స్టార్టర్ దాచుకున్నవాడికి దక్కేది కందిరీగలే. ఎందుకంటే కొనేవాడు తెలివితక్కువవాడు కాదు, కొత్త డబ్బా ఖరీదు మనసులోనే లెక్కేసి మోటరు ధరలోంచి కోసేస్తాడు. ధర్మంగా చూస్తే సూత్రం చిన్నది: జోడు కుదిరినదైతే కలిపి ఇచ్చెయ్, కుదరనిదైతే తుక్కులో వెయ్. లోకంలో జరిగేది దీనికి తలకిందులు. మంచి స్టార్టర్ వేరే, కాలిన స్టార్టర్ ఫ్రీ.

మరి నష్టమని తెలిసీ ఈ పట్టుదల ఎందుకు? పాత మోటరుకు అసలు పరీక్ష ఒక్కటే: నీళ్ల డ్రమ్ములో దించి, కరెంటిచ్చి చూడటం. స్టార్టర్ లేదంటే పరీక్షా లేదు. డబ్బాతో పాటు మోటరు జబ్బూ దాగుతుంది. అందుకే కొనబోయే తమ్ముళ్లు ధర గురించి గొంతు చించుకోవద్దు. "అన్నీ కలిపి ఒక్కసారి నడిపి చూపెట్టన్నా" అంటే చాలు. అన్నకు ఆ క్షణానే గుర్తొస్తుంది, ఈ మోటరును పొద్దున్నే ఇంకెవరో అడిగిపోయారని.