సమస్తము, మినహా: ఒక జనరేటరు ఒప్పందానికి టీకా తాత్పర్యం

కావ్యాలకు టీక రాయడంలో మల్లినాథసూరిని మించినవాడు లేడంటారు. ఆయన మన మెతుకుసీమ మనిషే. మెదక్ జిల్లా కొల్చారం ఆయన ఇంటిపేరులో కోలాచలమై కూర్చుంది. కాళిదాసుకు సంజీవని, భారవికి ఘంటాపథం, మాఘుడికి సర్వంకష రాసిన ఆ మహానుభావుడు మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ముందే మాట ఇచ్చాడు. అందులో మొదటి సగం ఈ టీకాకారుడికీ సమ్మతమే. రెండో సగాన్ని మాత్రం పత్రికవాళ్లు చెప్పిన పేజీల లెక్క విన్నాక వదులుకోవలసి వచ్చింది.

వ్యాఖ్యకు ఎంచుకున్న గ్రంథం ఏఎంసీ, అంటే సాలుసరి మరమ్మత్తు ఒప్పందం. స్థలం హైదరాబాదులోని నాచారం. నాలుగంతస్తుల అపార్ట్‌మెంటు ఒకటి ఊహించుకోవాలి. ఇరవై ఫ్లాట్లు, ఒక లిఫ్టు, నీళ్ల మోటారు, సెల్లార్‌లో ఓ మూల ఇనప డబ్బాలో డీజిల్ జనరేటరు. కంపెనీ వారంటీ ఈ నెలాఖరుతో సరి. ఉప్పల్ రింగురోడ్డు వైపు నుంచి మోటారు సైకిలు మీద వచ్చిన సేల్స్ కుర్రాడు, వారంటీ పొడిగించుకోండంటూ నాలుగు పేజీల కాగితం సెక్రటరీ గారి చేతిలో పెట్టి వెళ్లాడు. సంతకం పెట్టాలా వద్దా? ఆదివారం మీటింగు.

మూలము: "ఒప్పంద కాలమున ఇంజనుయొక్క సమస్త భాగములును, వినియోగమున అరుగునవియు, రబ్బరు వస్తువులును, బ్యాటరీయును, విద్యుత్తు హెచ్చుతగ్గుల వలన గాని దైవికముగ గాని చెడినవియు మినహా, ఉచితముగా మరమ్మత్తు చేయబడును. కంపెనీవారి నిర్ణయమే తుది నిర్ణయము."

ఈ వాక్యం ఏ ఒక్క కంపెనీదీ కాదు. ఇలాంటి కాగితాలన్నిటినీ నానబెట్టి రుబ్బితే వచ్చే పిండి ఇది. అసలు ప్రతి ఇంగ్లీషులో, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది.

పాఠాంతరం ఒకటుంది. అది సేల్స్ కుర్రాడి నోటి ప్రతి: "అన్నీ కవరవుతాయి సార్." ఈ ప్రతిలో ‘మినహా’ మొదలు ‘నిర్ణయము’ దాకా గ్రంథపాతం. పండితులు ప్రాచీన ప్రతుల్లో చెదలు తిన్న చోట ఇలా జరుగుతుందంటారు. ఇక్కడ ఏ చెదలూ లేదు, టార్గెట్ ఉంది.

ప్రతిపదార్థము. ఒప్పంద కాలమున = సంవత్సరం పాటు. ఎక్కణ్ణుంచి సంవత్సరం? పాత వారంటీ ముగిసిన మర్నాటి నుంచా, డబ్బు కట్టిన రోజు నుంచా? వారంటీలో ఇంకా మూడు నెలలుండగానే డబ్బు కడితే, ఆ మూడు నెలలూ రెండుసార్లు కొన్నట్టేనా? ఈ సందేహం తేలేదాకా కలం మూత తీయనక్కర్లేదు.

సమస్త భాగములును = అన్ని భాగాలూ. విశేషణ పూర్వపద కర్మధారయం. వినసొంపుగా ఉంటుంది. ఇంజను బ్లాకు, క్రాంక్‌షాఫ్టు, కనెక్టింగ్ రాడ్లు, అన్నీ ఇందులోనివే. నూనె సరిగ్గా పోస్తూ ఉంటే అపార్ట్‌మెంటు జనరేటరులో ఇవి ఏళ్ల తరబడి చెక్కుచెదరవు. మొండి ఇనుము.

వినియోగమున అరుగునవియు = వాడితే అరిగేవి. తృతీయా తత్పురుష చెప్పుకోవచ్చు. ఇక్కడ టీకాకారుడికి చిన్న ఇబ్బంది. ఇంజనులో వాడితే అరగనిదేది? పిస్టను రింగులు అరుగుతాయి, బేరింగులు అరుగుతాయి, వాల్వులు కూర్చునే చోటూ అరుగుతుంది. వీటిలో ఏది ‘సమస్త’లోకి వెళ్తుందో, ఏది ‘అరుగునవి’లోకి వెళ్తుందో కాగితం చెప్పదు. ఆ పని చివరి వాక్యం చేస్తుంది. ఆయిలు, ఆయిల్ ఫిల్టరు, డీజిల్ ఫిల్టరు, ఎయిర్ ఫిల్టరు మాత్రం నిస్సందేహంగా అరిగేవాటి పద్దులోకే పోతాయి. అంటే సర్వీసులో ప్రతిసారీ మార్చే నాలుగు వస్తువులూ సర్వీసు ఒప్పందంలో లేవు. పైసలిస్తే వాటిని కూడా కలిపే ‘కాంప్రహెన్సివ్’ రకం ఉంది. దానికీ ఓ ‘మినహా’ ఉంటుంది, కాస్త కురచగా.

మినహా. గ్రంథానికంతటికీ ప్రాణం ఈ పదమే. అరబ్బీలో మిన్‌హా అంటే ‘దాని నుంచి’. పారసీ, ఉర్దూ దఫ్తరాల మీదుగా మన నోటికొచ్చి మినహాయింపు అయింది. షరతు, మరమ్మత్తు, దస్తావేజు కూడా ఆ బండిలో దిగినవే. రైతుకు శిస్తు మినహా అంటే ప్రాణం లేచి వచ్చేది. అదే పదం ఒప్పందంలో కనిపిస్తే ఉసూరుమంటుంది. అలంకారశాస్త్రంలో దీనికి చక్కటి పేరుంది. తానే ఒక మాట చెప్పి, ఆలోచించుకుని, తానే దాన్ని కాదనడం ఆక్షేపాలంకారం. సమస్తము అన్నది కంపెనీ నోరే, మినహా అన్నదీ ఆ నోరే.

ఇంతకీ అపార్ట్‌మెంటు జనరేటరుకు వచ్చే రోగాలేమిటి? దీనికి సమాధానం కాగితంలో లేదు, సెల్లార్‌లో ఉంది.

ఆ డబ్బా తలుపు తీసి చూడాలి. బ్యాటరీ టెర్మినల్ మీద తెల్లగా, అంచున పచ్చగా ఉప్పు పూసి ఉంటుంది. మెకానిక్ వస్తే ముందు దాని మీద వేడినీళ్లు పోస్తాడు. రేడియేటరు నుంచి ఇంజనులోకి వెళ్లే రబ్బరు గొట్టాన్ని బొటనవేలితో నొక్కి చూస్తాడు; గట్టిగా, చిట్లినట్టు తగిలితే పెదవి విరుస్తాడు. డిప్‌స్టిక్ లాగి, మసిగుడ్డతో తుడిచి, మళ్లీ ముంచి తీసి, వెలుగులో పట్టి చూస్తాడు. ఫ్యాను బెల్టును ఒక్కసారి లోపలికి నొక్కుతాడు. అవర్ మీటరు చూస్తాడు. 412.6. ఆరేళ్లలో. పక్కన నిలబడ్డ వాచ్‌మన్ తన వంతు రోగనిర్ణయం చెప్తాడు: "ఇంజన్ మంచిగనే ఉంది సార్. సెల్ఫే తిప్పుతలేదు."

ఆ వాచ్‌మన్ మాటను మించిన వ్యాఖ్య ఈ విషయంపై లేదు. 2012 ప్రాంతంలో పరిశ్రమలకు పవర్ హాలిడేలు ఇచ్చిన రోజుల్లో ఉప్పల్, నాచారం ఇండస్ట్రియల్ ఏరియాల్లో జనరేటరు గంటల తరబడి మోగేది. ఇప్పుడు గాలివానకు కొమ్మ విరిగి తీగ మీద పడితేనో, లైను మరమ్మత్తుకు కరెంటు తీస్తేనో కాసేపు పనిచేస్తుంది. కాబట్టి అపార్ట్‌మెంటు జనరేటరుకు శత్రువు పని కాదు, ఖాళీ. వాడక బ్యాటరీ పడుకుంటుంది. రబ్బరు ఎండుతుంది. ట్యాంకులో డీజిల్ అడుగున మడ్డి కడుతుంది. నెలకోసారి లోడు లేకుండా పది నిమిషాలు తిప్పి ఆపేస్తే సరిగా మండని ఇంధనం పొగగొట్టంలో జిడ్డుగా పేరుకుంటుంది. అందుకే కనీసం మూడో వంతు లోడైనా ఇచ్చి, అంటే లిఫ్టూ మోటారూ కలిపి, తిప్పాలంటారు తెలిసినవాళ్లు. ఇప్పుడు ఈ జబ్బుల పట్టికను మూలంతో పోల్చి చూడాలి. బ్యాటరీ మినహా. రబ్బరు మినహా. మడ్డి పట్టిన ఫిల్టరు మినహా. చెడేవన్నీ మినహాలో ఉన్నాయి, చెడనివన్నీ సమస్తంలో ఉన్నాయి.

విద్యుత్తు హెచ్చుతగ్గుల వలన = కరెంటు ఎక్కువ తక్కువైతే. కరెంటు సరిగ్గా లేదనేగదా జనరేటరు కొన్నది.

దైవికముగ = దేవుడి చేత. దీనికి ఉదాహరణ వెతకడానికి ఇక్కడివాళ్లు పురాణాల దాకా పోనక్కర్లేదు. 2020 అక్టోబరు 13న ఘట్‌కేసర్ దగ్గర ఒక్కరోజులో 32 సెంటీమీటర్ల వాన కొట్టింది. హబ్సిగూడ, రామంతాపూర్ కాలనీల్లోకి నీళ్లొచ్చాయి. ఆ వారం హైదరాబాదు వీధుల్లో పడవలు తిరిగాయి. సెల్లార్‌లో నీళ్లు నిలిస్తే మునిగేది మొదట లిఫ్టు గుంత, తర్వాత జనరేటరు. అలాంటి నష్టానికి పనికొచ్చేది భవనం బీమా, ఏఎంసీ కాదు. ఈ రెండింటినీ ఒకటనుకునే అసోసియేషన్లు తక్కువేం కాదు.

పడవ మాట వచ్చింది గనక ప్రసంగవశాత్తు ఒక మాట. ఈ రకం ఒప్పందం నిజంగా పనికొచ్చేది పడవ ఇంజనుకే కావచ్చు. కాకినాడ మరపడవకు ఉప్పునీరు శత్రువు, పని ఎక్కువ, నడిసముద్రంలో ఆగిపోతే పిలవడానికి మెకానిక్ ఉండడు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట నిషేధం. ఇంజను విప్పి కూర్చోవడానికి దొరికే తీరిక అదే. ఉప్పల్‌కు పేరులో తప్ప ఉప్పు లేదు. నాచారంలో లేతు షాపు, మోటారు రీవైండింగు షాపు, పంపు రిపేరు చేసేవాడు నడిచి వెళ్లే దూరంలో ఉంటారు. సాయం ఎంత దూరంలో ఉంటే ఒప్పందానికి అంత విలువ. పక్క వీధిలో ఉన్నవాణ్ణి పిలవడానికి సంవత్సరం ముందు డబ్బు కట్టాలా అన్నది ప్రశ్న.

దీనికి కంపెనీవైపు పూర్వపక్షం ఒకటుంది, అది కొట్టిపారేసేది కాదు. బయటి మెకానిక్ చెయ్యి పడితే వారంటీ పోతుందంటారు. 2014 ఆగస్టులో కాంపిటిషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు కలిపి 2,544 కోట్ల రూపాయల జరిమానా వేసింది; విడిభాగాలను బయటి మెకానిక్కులకు దొరకనివ్వడం లేదన్నది ప్రధాన అభియోగం. బయటివాడు ముట్టుకున్నంత మాత్రాన వారంటీ మొత్తం రద్దనే షరతు పెట్టవద్దని కూడా ఆ తీర్పులో ఉంది. జరిమానా మీద తర్వాత అప్పీళ్లు నడిచాయి. అది కార్ల కేసే, జనరేటర్లది కాదు. అయినా వాదించడానికి ఓ ఆధారం. మరో సంగతి ఇంకా బరువైనది. 2023 జూలై 1 నుంచి జనరేటర్లకు సీపీసీబీ-4 ప్లస్ కాలుష్య నిబంధనలొచ్చాయి. కొత్త ఇంజన్లలో చాలావాటికి సెన్సార్లు, ఎలక్ట్రానిక్ కంట్రోలు. వాటి జబ్బు చెవితో విని చెప్పేది కాదు, ల్యాప్‌టాప్ తగిలించి చదవాలి. అలాంటి ఇంజను కొన్నవాళ్లకు కంపెనీ ఒప్పందం దండగ అనడానికి టీకాకారుడికి నోరు రావడం లేదు. సెల్లార్‌లో ఉన్నది అంతకు ముందుదైతే, లెక్క వేరు.

వయసు లెక్క కూడా ఉంది. యంత్రాలు పసితనంలో ఎక్కువ చెడతాయి, నడివయసులో తక్కువ, ముసలితనంలో మళ్లీ ఎక్కువ. పసితనానికి అసలు వారంటీ ఉంది. పొడిగింపు అమ్మేది నడివయసుకు. ముసలి ఇంజనుకు అడిగితే ముందు ఇన్‌స్పెక్షన్ చేయాలంటారు, తర్వాత ఫోనెత్తరు.

కంపెనీవారి నిర్ణయమే = ఇందులోని ‘ఏ’కారం అవధారణార్థకం. దాన్ని తీసేసి చదివితే ‘కంపెనీవారి నిర్ణయము తుది నిర్ణయము’ అని ఒక అభిప్రాయంలా వినిపిస్తుంది. ‘ఏ’ చేరగానే తీర్పు అయింది. తెలుగులో ఇంత బలమున్న అచ్చు మరొకటి లేదు. అయితే 2020 జూలై 20 నుంచి అమల్లోకొచ్చిన 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం, కొన్నవాడి హక్కుల్ని బాగా దెబ్బతీసే ఏకపక్షపు షరతుల్ని అన్యాయపు ఒప్పందంగా గుర్తించింది. ఆ ఫిర్యాదు వెళ్లేది జిల్లా కమిషన్‌కు కాదు, రాష్ట్ర కమిషన్‌కు. బ్రిటన్‌లో 2005 నుంచి ఇంకో పద్ధతి నడిచింది. ఇంటి ఎలక్ట్రికల్ వస్తువులకు పొడిగింపు వారంటీ అమ్మే దుకాణం దాని ధరను వస్తువు పక్కనే చూపించాలి, క్లెయిము చేయకముందే మనసు మారితే 45 రోజుల్లోపు పూర్తి సొమ్ము వాపసివ్వాలి. నలభై అయిదు రోజులంటే చీమ తలకాయ అక్షరాలు చదవడానికి చాలినంత.

తాత్పర్యము ఆదివారం సాయంత్రం, సెల్లార్‌లో ప్లాస్టిక్ కుర్చీల మధ్య తేలింది. ఒప్పందం సొమ్ము ఏడాదికి 24,000 అనుకుంటే, 18 శాతం జీఎస్టీ 4,320 కలిపి 28,320. ఇరవై ఫ్లాట్లకు పంచితే నెలకు 118 రూపాయలు. ఇక్కడే చాలా అసోసియేషన్లు ఓడిపోతాయి. 28 వేలంటే తగాదా వస్తుంది, 118 అంటే ఎవరూ నోరెత్తరు. ఇక్కడ మాత్రం రెండో అంతస్తు రిటైర్డ్ లెక్చరర్ గారు లేచి, గత ఆరేళ్లలో జనరేటరు కింద రాసిన ఖర్చులు చదవమన్నారు. ట్రెజరర్ రిజిస్టరు తిప్పింది. రెండు బ్యాటరీలు, ఒక హోసు పైపు, ఏటా ఆయిలూ ఫిల్టర్లూ, ఒకసారి సెల్ఫ్ మోటారు. "సెల్ఫ్ మోటారు ఒక్కటే వాళ్ల లెక్కలోకి వస్తుంది," అన్నారాయన. "అదీ అరిగిందనకపోతే."

చివరికి వీధి చివరి మెకానిక్‌తో కూలి ఒప్పందం, ఏడాదికి నాలుగు రాకలకు 8,400 అనుకున్నారు. బ్యాటరీకని విడిగా 6,000 పక్కన పెట్టాలన్నారు. రెండూ కలిపి 14,400, ఫ్లాటుకు నెలకు 60. ఆయిలూ ఫిల్టర్లూ కొన్నప్పుడు బిల్లు చూసి పంచుకోవాలి, అవి ఎలాగూ ఎందులోనూ రావు. నెలకోసారి పావుగంట లిఫ్టు లోడు మీద తిప్పి మీటరు అంకె రాయాల్సింది వాచ్‌మన్. అందరూ సరేనన్నారు.

తీర్మానం రాస్తుండగా గ్రౌండ్ ఫ్లోరు ఆయన గొంతు సవరించుకున్నాడు. తనకు ఇంట్లో ఇన్వర్టరుందట. లిఫ్టు ఎక్కనే ఎక్కడట. జనరేటరు శబ్దం మాత్రం తన కిటికీ పక్కనేనట. సెక్రటరీ గారు కాసేపు ఆయన వంకా, కాసేపు రిజిస్టరు వంకా చూసి, ‘ఇరవై ఫ్లాట్లవారును’ అన్న చోట కలం ఆపి, పైన చిన్నగా ఒక గుర్తు పెట్టి, వరస మధ్యలో సన్నటి అక్షరాలతో ‘ఒకటి మినహా’ అని ఇరికించారు.