చైనా మాలట, గాల్లో నిలవదట!

"చైనా మాల్ గద సారూ, గ్యారంటీ ఏడుంటది?"

నిజామాబాద్ జిల్లా మాక్లూర్ చాయ్ హోటళ్లలో భారతదేశ వైమానిక రక్షణ అంతా ఈ ఒక్క మాట మీదే నిలబడి ఉంది. ఢిల్లీలో కూర్చున్నవాళ్లకు ఈ సంగతి చెప్పేవాళ్లు లేక, పాపం, టెండర్లు, ట్రయల్స్, కమిటీలు అంటూ ఏళ్ల తరబడి అవస్థ పడుతున్నారు. చైనా ఫైటర్ జెట్ అంటే జాతరలో కొన్న బొమ్మ విమానమేనని, రెండు గిరికీలు కొట్టి మూడోదానికి రెక్క ఊడదీసుకుంటుందని ఇక్కడ పిల్లలకు కూడా తెలుసు.

ఈ జ్ఞానం మాక్లూర్ మట్టిలో పండింది కాదు, యూట్యూబ్ నుంచి దిగుమతి అయింది. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్‌లో చైనా సైనికులతో ఘర్షణలో సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్‌బాబుతో కలిపి 20 మంది ప్రాణాలిచ్చారు. ఆ దుఃఖం నిజం, కోపమూ నిజం. ఆ కోపాన్ని వ్యూస్‌గా మార్చుకునే దుకాణాలు మాత్రం మర్నాడే తెరుచుకున్నాయి. జులై 29న మన మొదటి ఐదు రఫేల్ ఫైటర్లు అంబాలాలో దిగాయి. ఆ రోజు వణకడం మొదలుపెట్టిన చైనా ఇప్పటికీ ఆపలేదని థంబ్‌నెయిళ్లు చెబుతున్నాయి. ఓ ఎర్ర బాణం, కళ్లు తేలేసిన జిన్‌పింగ్, "గజగజ" అని పసుపు అక్షరాలు. ఇన్నేళ్లుగా వణుకుతున్న దేశం మధ్యమధ్య తీరిక చేసుకుని కొత్త విమానాలు ఎలా కట్టుకుంటోందన్న ప్రశ్న ఎవరికీ రాలేదు. ఆ వీడియో చూసే ఫోన్ ఎక్కడిదన్న సంగతి నేను ఎత్తను, అది అందరూ ఎత్తేదే.

"కాపీగాళ్లు" అన్నది ఆ తర్వాతి అస్త్రం. అందులో అబద్ధం లేదు. రష్యా దగ్గర సుఖోయ్-27 కొన్నారు, లైసెన్సు మీద బిగించారు, ఆ తర్వాత లైసెన్సు సంగతి మరిచిపోయి జె-11బి అని సొంత పేరు పెట్టుకున్నారు. ఉక్రెయిన్ నుంచి సుఖోయ్-33 తొలి నమూనా ఒకటి తెచ్చుకుని, విప్పి చూసి, విమానవాహక నౌక కోసం జె-15 చేశారు. కథ ఇక్కడికి రాగానే మన వ్యాఖ్యాతలు చప్పట్లు కొట్టి మైకు దించేస్తారు. చైనావాళ్లు అక్కడ ఆగలేదు. 2011 జనవరి 11న అమెరికా రక్షణ మంత్రి రాబర్ట్ గేట్స్ బీజింగ్‌లో ఉండగానే, చెంగ్డూలో కొత్త ఫైటర్ జె-20ని మొదటిసారి గాల్లోకి లేపారు. అతిథి మర్యాద అంటే అదీ! 2017కల్లా అది వాళ్ల వైమానిక దళంలో చేరింది. 2024 డిసెంబర్ 26న, మావో పుట్టినరోజు నాడు, నిలువు తోకే లేని రెండు కొత్త రకాలు పట్టపగలు జనం కెమెరాలకు చిక్కాయి. తోకలేనిదాన్ని ఎవరి దగ్గర కాపీ కొట్టారన్నా అని అడిగితే, "ఎవలదో ఒకలది కొట్టి ఉంటరు తియ్యి" అన్నాడు హోటల్ మేధావి.

టిబెట్ ఎత్తు సిద్ధాంతం ఇంకొకటుంది. ఇది కాస్త చదువుకున్నవాళ్ల సరుకు. ఎత్తు మీద గాలి పలచన, ఇంజన్‌కు బలం తగ్గుతుంది, రెక్కకు ఊతం తగ్గుతుంది, కాబట్టి చైనా విమానాలు సగం ఇంధనంతో, సగం బాంబులతో లేవాలి. మనం మైదానం నుంచి నిండుగా లేస్తాం. నిజమే, టిబెట్‌లోని ఎన్‌గరీ గున్సా రన్‌వే 4,274 మీటర్ల ఎత్తున ఉంది. కానీ 2020లో జె-20లు కనిపించిన హోటాన్ స్థావరం ఎత్తు సుమారు 1,400 మీటర్లే. రన్‌వే పొడిగించుకోవచ్చని, గాల్లోనే ఇంధనం నింపుకోవచ్చని చెబితే వీడియో నిడివి పెరిగిపోతుంది కదా.

అసలు ఎగతాళి చేయదగ్గ చోటు ఒకటుంది. అక్కడ మనవాళ్లు ఎందుకో నోరు మెదపరు. అది ఇంజన్. జె-20 తొలి విమానాలు రష్యా ఏఎల్-31 ఇంజన్ అరువు తెచ్చుకుని ఎగిరాయి. జెట్ ఇంజన్ టర్బైన్‌లో మండే వాయువు వేడి, దానికి ఎదురుగా తిరిగే బ్లేడు లోహం కరిగే వేడి కంటే ఎక్కువ. అయినా బ్లేడు కరగకూడదు, సాగకూడదు. అందుకే నికెల్ మిశ్రమాన్ని ఒకే స్ఫటికంగా, ఎక్కడా అతుకన్నది లేకుండా పెంచుతారు. లోపల సన్నటి గాలి దారులు పెడతారు. విమానాన్ని విప్పితే ఆకారం దొరుకుతుంది. బ్లేడును కోసి చూసినా దాన్ని పెంచిన పద్ధతి దొరకదు. అంటే "కాపీగాళ్లు" అన్న తిట్టు సరిగ్గా ఇక్కడ పనికిరాదు. కొట్టుకొచ్చేందుకు ఏమీ లేనిచోట చైనా దశాబ్దాలు ఢక్కామొక్కీలు తిని, డబ్బు పోసి, సొంత ఇంజన్ డబ్ల్యూఎస్-10ను జె-20లో పెట్టే స్థితికి వచ్చింది. అంతకంటే శక్తిమంతమైన డబ్ల్యూఎస్-15తోనూ ఏళ్ల తరబడి కుస్తీ పట్టింది.

ఈ విద్య మన దగ్గర లేదా అంటే ఉంది. హైదరాబాద్ కంచన్‌బాగ్‌లోని రక్షణ లోహ పరిశోధనశాల డీఎంఆర్‌ఎల్ ఇలాంటి ఏకస్ఫటిక బ్లేడ్లు తయారుచేసి 2021లో విమానాలు తయారుచేసే ప్రభుత్వ సంస్థ హెచ్‌ఏఎల్‌కు 60 అందించింది. అవి హెలికాప్టర్ ఇంజన్‌కు. మాక్లూర్ నుంచి నాలుగు గంటల దారిలో జరిగిన ఈ ఘనకార్యానికి ఎర్ర బాణం పెట్టిన వీడియో ఒక్కటి నాకు కనబడలేదు. కనబడదు కూడా. దాన్ని పొగిడితే తరువాతి ప్రశ్న వస్తుంది: ఫైటర్ ఇంజన్ ఏదీ? 1989లో మొదలైన కావేరీ ఇంజన్‌ను మన సొంత ఫైటర్ తేజస్‌కు పెట్టలేకపోయాం. ఆ ప్రశ్నకు వ్యూస్ రావు.

2025 మేలో గాలి తిరిగింది. పాకిస్తాన్ చైనా జె-10సీలను, పీఎల్-15 క్షిపణులను మన మీదికి వాడింది. చాయ్ హోటల్లో అదే బల్ల, అదే మనుషులు. "చైనా మిసైల్ ముంగట ఏదాగుతది సారూ!" నిన్నటి బొమ్మ రాత్రికి రాత్రే బ్రహ్మాస్త్రం అయింది. మనకూ నష్టాలున్నాయని త్రివిధ దళాల అధిపతి (సీడీఎస్) అనిల్ చౌహాన్ మే 31న సింగపూర్‌లో ఒప్పుకున్నారు, అంకె చెప్పలేదు. పాకిస్తాన్‌వి ఐదు ఫైటర్లు, ఒక పెద్ద విమానం కూల్చామని ఆగస్టులో ఎయిర్ చీఫ్ ఏపీ సింగ్ ప్రకటించారు. పేలని ఓ పీఎల్-15 శకలాలు పంజాబ్ హోషియార్‌పూర్ జిల్లాలో దొరికాయి. ఎవరి అంకె వాళ్లు ఏరుకున్నారు. చైనా వైమానిక దళం 1979 వియత్నాం యుద్ధంలో గగనపోరుకు దిగలేదనీ, 1962లో మన ఫైటర్లను మనమే యుద్ధానికి పంపలేదనీ, ఆ రెండు దళాలూ ఇంతవరకు ఒకదాన్నొకటి గాల్లో ఢీకొననే లేదనీ గుర్తుచేస్తే మాత్రం అందరికీ కోపం. పరీక్షే జరగలేదు, ర్యాంకులు మాత్రం వచ్చేశాయి.

ఇంట్లో లెక్క చూద్దామా? వైమానిక దళానికి మంజూరైనవి 42 స్క్వాడ్రన్లు. 1963లో వచ్చిన మిగ్-21లలో చివరివి 2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో సెలవు తీసుకున్నాక మిగిలినవి 29. 83 తేజస్ మార్క్-1ఏలకు 2021లో ఒప్పందం కుదిరింది, మొదటిది 2024లో రావాలి. 2025 గడిచిపోయినా ఒక్కటీ దళం చేతికి అందలేదు. అమెరికా నుంచి ఇంజన్లు ఆలస్యం కావడం ఒక కారణం. చెప్పిన గడువుకు పూర్తయిన ప్రాజెక్టు తనకు ఒక్కటీ గుర్తురావడం లేదని ఎయిర్ చీఫే సభలో అన్నారు. చైనాను వణికించే ఛానళ్లకు ఆ మాట వినిపించలేదేమో.

యంత్రం ఎలా చస్తుందో ఈ జిల్లాకు ఒకరు చెప్పాలా? బోధన్‌లో 1937లో పెట్టిన నిజాం షుగర్స్ ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని మన తాతలు ఛాతీ విరుచుకునేవారు. 2002లో 51 శాతం వాటా ప్రైవేటుకు పోయింది, 2015 డిసెంబర్‌లో తాళం పడింది. అప్పటి నుంచి ప్రతి ఎన్నికలోనూ అది తెరుచుకుంటోంది. జక్రాన్‌పల్లి విమానాశ్రయం కాగితాల మీద ఎన్నేళ్లుగానో ఎగురుతూనే ఉంది. చెరుకు గానుగను తిప్పుకోలేనివాళ్లం పక్కదేశం టర్బైన్‌ను చూసి పకపకా నవ్వుతున్నాం.

వీడియోలు చేసే తమ్ముళ్లకు ఒక విన్నపం. చైనా జె-20 ఇప్పుడు చైనా ఇంజన్‌తో ఎగురుతోంది, మన తేజస్ ఇంకా అమెరికా ఇంజన్‌తోనే ఎగురుతోంది. మీ పసుపు అక్షరాల్లోనే ఈ మాట ఒకసారి థంబ్‌నెయిల్‌గా పెట్టండి. ముందు నేనే షేర్ చేస్తాను.